పాత సైకిల్ బరువెక్కిందా?

ప్రశ్న: రోజూ ఆఫీసుకు నాన్నగారి నల్ల సైకిల్‌పైనే వెళ్తాను. కడ్డీ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, సుమారు 20 కిలోల బరువు. దారిలోని ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. కొత్తది కొనమంటారా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బరువొక్కటే కారణమైతే తొందరపడకండి. మీరు 70 కిలోలుంటే సైకిల్‌తో కలిపి 90 కిలోలు. 14 కిలోల సైకిల్ కొన్నా ఎక్కుడులో ఆదా అయ్యే శ్రమ ఏడు శాతానికి మించదు, చదునైన రోడ్డుపై ఆ తేడా దాదాపు తెలియదు. ఈ సైకిళ్ళకు సాధారణంగా వెనుక 18 పళ్ళ ఫ్రీవీలు (వెనుక చక్రానికి ఉండే, చైను తిప్పే పళ్ళ చక్రం) ఉంటుంది. దాని స్థానంలో 20 పళ్ళది వేయిస్తే పెడల్‌పై వేయవలసిన బలం పదో వంతు తగ్గుతుంది, వేగమూ అంతే తగ్గుతుంది గనుక ఆఫీసుకు కాస్త ముందుగా బయలుదేరాలి. టైర్లలో గాలి తక్కువగా ఉన్నా, చైను ఎండిపోయినా ఎంత తేలికైన సైకిలైనా బరువుగానే తోస్తుంది.

నన్ను ఆలోచింపజేసేది బ్రేకులు. తడిసిన స్టీలు రిమ్ముపై రబ్బరు సరిగా పట్టదు; వానాకాలంలో ఫ్లైఓవర్ దిగడం ఎక్కడం కన్నా ప్రమాదకరం. వానలోనూ రద్దీలో తిరగక తప్పదంటే, లేదా ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళు కనిపిస్తే, మార్చడమే మంచిది. అప్పుడు అల్యూమినియం రిమ్ములు, తీగ బ్రేకులు, వెనుక ఆరేడు గేర్లు ఉన్నది చూడండి. చవకగా దొరికే స్ప్రింగు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్ళలో స్ప్రింగులున్న) సైకిళ్ళ జోలికి మాత్రం పోకండి, వాటి బరువూ తక్కువేమీ కాదు. క్యారేజీ బిగించే వీలుందో లేదో దుకాణంలోనే అడగండి.