రోజుకు రెండే బట్వాడాలు

ముక్తేశ్వరం,
ఆషాఢ మాసం.

చిరంజీవి బుజ్జిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మమ్మా క్షేమం. గోదావరికి ఎర్రనీరు దిగింది. ఊళ్ళో పులస చేప ధర తప్ప వేరే మాట వినపడటం లేదు. మనం తినేవాళ్ళం కాము కనుక ఆ సంగతి వదిలేసి నీ సంగతికి వస్తాను.

మొన్న ఆదివారం నువ్వు ఫోనులో అడిగిన దానికి ఫోనులోనే జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. బ్యాంకు నుంచి ఆరున్నరకు గదికి చేరుతున్నానని, పదకొండున్నర దాటితే గానీ పడుకోవడం లేదని, ఆ మధ్యనున్న ఐదు గంటలూ ఎటు పోతున్నాయో లెక్క తేలడం లేదని, లెక్కలు చూడటమే ఉద్యోగమైన పిల్లవి నువ్వే అన్నావు. రాజమహేంద్రవరంలో ఉండి కూడా గోదావరి గట్టు మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదన్నావు. ఫోను పూర్తిగా మానేయాలా తాతయ్యా అని అడిగావు. మానేయనక్కర లేదు. దాన్ని తపాలాలాగా వాడుకుంటే చాలు. అదెలాగో చెప్పడానికే ఇంత ఉత్తరం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఫోను వచ్చి లోకం పాడైపోయిందని అరుగుల మీద కూర్చుని తిట్టే నా ఈడు వాళ్ళతో నేను ఏకీభవించను. 1986 ఆగస్టు వరదలో అవతలి లంకలో ఉన్న మన బంధువులు ఏమయ్యారో తెలియక మీ అమ్మమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. అదే 2022 జూలైలో, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీరు వచ్చినప్పుడు, ఎవరింట్లోకి నీళ్ళు వచ్చాయో, పడవ ఏ రేవుకు వస్తోందో మాకు ఎప్పటికప్పుడు తెలిసింది వాట్సాప్ గ్రూపు వల్లనే. కాబట్టి ఆ వస్తువు మీద నాకు కోపం లేదు. దానికి వేళ లేకపోవడమే నా ఫిర్యాదు.

నేను ముప్పైనాలుగేళ్ళు తపాలా శాఖలో పనిచేశానని నీకు తెలుసు గానీ, ఆ పని ఎలా సాగేదో నువ్వు చూసి ఉండవు. పొద్దున్నే తపాలా సంచి పంటి మీద, అంటే జనాన్నీ బళ్ళనూ రేవు దాటించే పెద్ద పడవ మీద, గోదావరి దాటి వచ్చేది. లక్క సీలు చెదరలేదని చూసుకొని, దారం కోసి, బల్ల మీద కుమ్మరించి, ప్రతి ఉత్తరం మీదా తేదీ ముద్ర కొట్టి, బీట్ల వారీగా, అంటే ఒక్కో పోస్ట్‌మ్యాన్ తిరిగే వీధుల వారీగా విడదీసి పోస్ట్‌మ్యాన్ చేతికి ఇచ్చేవాళ్ళం. ఆ తరువాత చివరగా చేసే పని ఒకటి ఉండేది: అడుగున ఏ కార్డైనా ఇరుక్కుపోయిందేమోనని సంచిని లోపలి వైపు పైకి తిరగేసి రెండుసార్లు దులపాలి. అలా దులిపాక ఏమీ రాలకపోతే ఆ రోజుకు లోకం మనకు చెప్పవలసినదంతా చెప్పేసినట్టే. కువైట్ వెళ్ళిన కూతురి ఉత్తరం కోసం వచ్చే తల్లులు మన ఊళ్ళో ఎందరో ఉండేవారు. 'ఇవాళ లేదమ్మా' అంటే వాళ్ళ ముఖాలు చిన్నబోయేవి, నాకూ కష్టంగానే ఉండేది. కానీ ఆ మాట విన్నాక వాళ్ళు మళ్ళీ మరుసటి రోజు దాకా పోస్టాఫీసు వైపు చూసేవారు కాదు. ఇంటికి వెళ్ళి, ఉన్న పని ఉన్నట్టు చేసుకునేవారు.

నీ చేతిలో ఉన్న సంచికి అడుగు లేదు. వేలితో పైకి తోస్తుంటే కిందినుంచి కొత్తది పుట్టుకొస్తూనే ఉండే ఆ ఏర్పాటును 2006లో ఆజా రాస్కిన్ అనే ఆయన రూపొందించాడట, తరువాత దాని గురించి ఆయనే పశ్చాత్తాపపడ్డాడు. అంతకుముందు పేజీ చివర ఒక గీటు, 'తరువాతి పేజీ' అనే మాట ఉండేవి; అక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం పోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేసి, ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడేటట్టు పెట్టినప్పటి కంటే, ఎన్నోసారికి పడుతుందో తెలియకుండా పెట్టినప్పుడు అవి విడవకుండా పొడుస్తూ ఉంటాయని కనిపెట్టాడు. నువ్వు చూసే ఇరవై రీళ్ళలో పంతొమ్మిది పనికిమాలినవే అయినా ఇరవయ్యోదాని కోసం వేలు కదులుతూ ఉండటానికి కారణం ఇదే. ఇది నీ బుద్ధిహీనత అనుకొని కుమిలిపోవద్దు. బాగా చదువుకున్న వాళ్ళు కూర్చుని, మన వేలు ఆగకుండా ఉండేటట్టు చేసిన పనితనం అది.

నీతులు చెప్పేముందు నా బండారం కూడా బయట పెట్టాలి. పదవీ విరమణ అయిన కొన్నేళ్ళకు మీ మామయ్య నాకు ఫోను కొనిచ్చాడు. ఒక శివరాత్రికి నేనూ, మీ అమ్మమ్మా కోటిపల్లి వెళ్ళి సోమేశ్వరస్వామి దర్శనం చేసుకొని, సాయంత్రం పంటి మీద తిరిగి వస్తున్నాం. జనం, మోటారు సైకిళ్ళు, ఎవరో తోలుకొచ్చిన రెండు మేకలు, ఎదురుగా గోదావరి గౌతమీ పాయ మీద ఎర్రటి పొద్దు. నేను రెండు చేతులతో ఫోను ఎత్తి పట్టుకొని వీడియో తీస్తున్నాను. నది మధ్యలోకి వచ్చాక మీ అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అంది. ఇంజను చప్పుడులో నాకు వినిపించలేదు, వినడానికి నేను తల కూడా తిప్పలేదు. వీడియో పూర్తయి, దాన్ని నాలుగు గ్రూపుల్లో పంపించాక, 'ఏమన్నావు?' అని అడిగాను. 'ఏమీ లేదు లెండి' అంది. ఆ వీడియోకు పదిహేడు మంది దండాలు పెట్టారు. ఆవిడ ఏమందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రే నేను నా పాత ఉద్యోగ ధర్మాన్ని ఫోనుకు వర్తింపజేయాలని నిశ్చయించుకున్నాను.

పద్ధతి ఇది. రోజుకు రెండు బట్వాడాలు పెట్టుకో. బ్యాంకులో భోజన విరామంలో ఒక పావుగంట, రాత్రి భోజనానికి ముందు ఒక అరగంట. వాట్సాప్ గానీ, ఇన్‌స్టాగ్రామ్ గానీ, మరొకటి గానీ ఆ రెండు వేళల్లోనే తెరవాలి. అప్పుడు తీరికగా, పూర్తిగా చూడు, జవాబులు ఇవ్వు, నవ్వుకో, తప్పు లేదు. వేళ కాగానే సంచి దులిపినట్టే మూసేయి. మిగతా వేళల్లో గంటలు మోగకుండా నోటిఫికేషన్లన్నీ ఆపివేసి, ఫోన్ కాల్స్, బ్యాంకు సందేశాలు మాత్రం ఉంచుకో. మన చుట్టాల గ్రూపును మ్యూట్‌లో పెట్టడం మర్యాద తప్పడం కాదు. 'అత్యవసరమైతే ఫోను చేయండి, మెసేజ్ అయితే రాత్రి చూస్తాను' అని మీ పెద్దత్తయ్యకు ముందే చెప్పు. ఆవిడ రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు అలవాటు పడుతుంది. నా విషయంలో అలాగే జరిగింది.

రీళ్ళు చూసే యాప్‌ను ఫోనులోంచి తీసేసి, చూడాలనిపించినప్పుడు బ్రౌజరులో పాస్‌వర్డ్ కొట్టి చూడటం మంచిది. ఆ పాస్‌వర్డ్ కొట్టే అర నిమిషంలో, 'ఇప్పుడెందుకు?' అనే ప్రశ్న వేసుకోవడానికి మనసుకు వ్యవధి దొరుకుతుంది. పడక దగ్గర ఫోను ఉంచవద్దు. గుమ్మం పక్కనున్న అలమరలో దాని ఛార్జరు పెట్టి, నిద్ర లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కో. ఫోను సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఒకటి ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు ఫోను తెరిచావో అది చెబుతుంది. వారానికి ఒకసారి చూస్తే చాలు. రోజూ చూసుకుంటూ కూర్చుంటే అది కూడా ఇంకో రీలే అవుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నిజమైన కష్టం దీని తరువాత మొదలవుతుంది. ఖాళీ అయిన ఐదు గంటలు వాటంతట అవే ఆనందంతో నిండవు. మొదటి వారం చెయ్యి దానంతట అదే జేబు తడుముకుంటుంది, గోడలు చూస్తూ కూర్చుంటావు, ఇంతకంటే అదే నయం అనిపిస్తుంది. వేసవిలో కట్టేసిన కాలువకు మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. ముందు చెత్త, నాచు, బురద కొట్టుకు వస్తాయి, కొన్ని రోజులు పోతే గానీ నీరు తేటపడదు. ఆ కొన్ని రోజులూ ఓర్చుకోవాలి. ఆ రోజుల్లో నీ సమయాన్ని పెద్ద పెద్ద సంకల్పాలతో నింపవద్దని నా మనవి. ఖాళీ దొరికింది కదా అని వీణ తరగతులు, యోగా తరగతులు, పరీక్షలు అంటూ జాబితా రాసుకున్న వాళ్ళను చాలామందిని చూశాను. నెల తిరక్కుండానే ఆ జాబితా ఒక అప్పు లాగా మెడకు చుట్టుకుంటుంది, అప్పు తప్పించుకోవడానికి మళ్ళీ ఫోను దగ్గరికే వస్తారు. సంతోషాలు చిన్నవై ఉండాలి, వాటికి చోటూ, వేళా ముందే రాసి పెట్టి ఉండాలి. 'ఎప్పుడైనా గట్టుకు వెళ్ళాలి' అనుకుంటే ఎప్పటికీ వెళ్ళవు. 'బుధవారం ఏడింటికి కోటిలింగాల రేవు, మెట్ల మీద అరగంట' అని క్యాలెండరులో రాస్తే వెళ్తావు.

నా అనుభవంలో చేతికి పని చెప్పే సంతోషాలే అన్నిటికంటే నమ్మదగినవి. ఇది ఆషాఢం కనుక గోరింటాకుతోనే మొదలుపెట్టు. ఆకు కోసుకొచ్చి, కాస్త చింతపండు వేసి మెత్తగా రుబ్బి, రెండు అరచేతుల్లోనూ చందమామను, చుట్టూ చుక్కలను పెట్టుకొని, వేళ్ళకు టోపీలు తొడిగి కూర్చుంటే మూడు గంటల పాటు ఏ తెరనూ ముట్టుకోలేవు. నీ గదిలో ఉండే స్నేహితురాలు నీకు అన్నం కలిపి ముద్దలు పెట్టాలి, నీ ముక్కు దురద పెడితే ఆ అమ్మాయే గోకాలి. ఆ మూడు గంటల్లో మీరిద్దరూ మాట్లాడుకున్నంతగా మూడు నెలల నుంచి మాట్లాడుకొని ఉండరు. పనసాకు బుట్టల్లో ఆవిరికి ఉడికించే ఇడ్లీలు, మన పొట్టిక్కలు కూడా అలాంటివే. అంబాజీపేటలో కొనుక్కుని తినడం సులువే గానీ, నాలుగు పనసాకులు తీసుకొని అడుగున ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు పేర్చి, కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చి, అంచులు పైకి మడిచి, పక్కలు కూడా కుట్టి బుట్ట చేయడంలో ఉన్న సుఖం వేరు. మొదటి మూడు బుట్టలకు పిండి కారిపోతుంది. నాలుగోది నిలుస్తుంది. ఆవిరికి ఆ ఆకు వాసన పిండికి పట్టి వంటిల్లంతా నిండినప్పుడు, ఫోటో తీయాలనే ఆలోచన వస్తుంది, వచ్చినా పిండి చేతులతో నువ్వేమీ చేయలేవు. అదే మంచిది. సంతోషాన్ని వెంటనే నలుగురికీ చూపించాలనుకున్న క్షణం నుంచి ఎంతమంది మెచ్చుకున్నారన్న లెక్క మొదలవుతుంది, అప్పుడది ఉద్యోగంతో సమానం.

ఇల్లు కదలాలనిపించిన ఆదివారం కడియపులంక వెళ్ళు. నర్సరీల మధ్య ఒక గంట నడిచి, ఒకే ఒక్క మొక్క కొనుక్కొని రా. రెండు కొంటే రెండూ ఎండగడతావు, నీ సంగతి నాకు తెలుసు. గౌతమీ గ్రంథాలయంలో ఏ పుస్తకమూ చదవకుండా బీరువాల ముందు తిరిగి వచ్చినా నష్టం లేదు. వర్షం వస్తే కిటికీ తెరిచి కూర్చో, దానికి నా సలహా అక్కర లేదు.

నియమం తప్పిన రోజులు తప్పకుండా వస్తాయి. ఒక రాత్రి ఒంటిగంట దాకా చూస్తూ ఉండిపోతావు. వరదకు పంటి ఆగిపోయి సంచి రాని రోజులు మాకూ ఉండేవి. ఆ పేరు చెప్పి మరుసటి రోజు పోస్టాఫీసు మూసుకున్నది లేదు. మర్నాడు మామూలుగానే రెండు బట్వాడాలు మొదలుపెట్టు.

ఈ నెలాఖరుకు ఎలా సాగుతోందో నాకు రాయి. ఫోనులో కాదు, రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ కవరు మీద. దస్తూరి బాగా లేకపోయినా పరవాలేదు, ముప్పైనాలుగేళ్ళలో అంతకంటే ఘోరమైన దస్తూరీలు చదివాను. వరద తగ్గి పంటి తిరగడం మొదలయ్యాక ఒక శనివారం బయలుదేరి రా. రావులపాలెం మీదుగా వస్తే తొందరగా వస్తావు గానీ, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వచ్చి పంటి ఎక్కు. మీ అమ్మమ్మను కూడా తీసుకొని కోటిపల్లి రేవులో ఎదురు వస్తాను. నది మధ్యకు వచ్చాక, ఆ శివరాత్రి నాడు ఏమందో ఆవిడను నువ్వే అడుగు. నాకు చెప్పలేదు గానీ, నీకు చెబుతుందేమో.

ఇట్లు,
మీ తాతయ్య.