నది నీటికంటే వరద ముందు ఎలా చేరుతుంది?

ప్రశ్న: వంశధారలో గొట్టా బ్యారేజీ దగ్గర నీరు వదిలితే, నీటి వేగాన్ని బట్టి వేసిన లెక్క కంటే ముందే దిగువ ఊళ్లలో మట్టం ఎందుకు పెరుగుతుంది?

ముందు చేరేది గొట్టాలో వదిలిన నీరు కాదు, మట్టంలో వచ్చిన పెరుగుదల. పైనుంచి వచ్చిన నీటితో లోతు పెరుగుతుంది. లోతు పెరిగితే ప్రవాహం వేగం అందుకుని, ముందున్న చోట మట్టాన్ని పెంచుతుంది. అలా పెరుగుదల నీటిని దాటుకుని పోతుంది.

ఇలా ముందుకు సాగే మట్టం పెరుగుదలనే కైనమాటిక్ వేవ్ (అల) అంటారు. నది వాలు నీటిని లాగే బలం, అడుగున రాపిడి దాదాపు సరిసమానం అనుకోవడమే ఇందులో అసలు కీలకం. వెడల్పాటి నదికి మానింగ్ సూత్రం (లోతు, వాలు, అడుగు గరుకుతనాన్ని బట్టి నీటి వేగం చెప్పే లెక్క) వాడితే అల వేగం నీటి సగటు వేగానికి 5/3 రెట్లు వస్తుంది. నీరు సెకనుకు 1.5 మీటర్లు నడిస్తే అల 2.5 మీటర్లు. 45 కిలోమీటర్ల దూరానికి నీటికి 8 గంటల 20 నిమిషాలు పడితే, అలకు 5 గంటలే! హెచ్చరిక ఇచ్చేవాళ్లు రెండో లెక్కే చూడాలి, ఇందులో రాజీ పడకూడదు.

1955లో గణిత శాస్త్రవేత్తలు లైట్‌హిల్, విథమ్ ఈ సిద్ధాంతాన్ని వరదలకూ, రోడ్డు మీద ట్రాఫిక్‌కూ కలిపి వివరించారు.

నీరు గట్లు దాటి పొలాల్లో పరుచుకుంటే అల నెమ్మదిస్తుంది. నది సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర సముద్రపు పోటు నీటిని వెనక్కి నెడుతుంది కాబట్టి అక్కడ ఈ సూత్రం ఒక్కటే సరిపోదు.