సగం దించిన షట్టర్ కింద నుంచి వచ్చేవాళ్ళు

"కొట్టు కట్టే వేళ దాటాక ఎవరైనా వస్తే సిబ్బంది వాళ్ళకు సరుకు చూపించాలా, వద్దా? రెండు నిమిషాలు ఓపిక పడితే పోయేదేముంది?" అన్నది ప్రశ్న.

చూపించనక్కరలేదు. మందుల దుకాణాన్ని పక్కన పెడితే ఇంకెక్కడా అక్కరలేదు. విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక చీరల దుకాణంలో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి ఈ విషయంలో నాకు ఊగిసలాట ఏమీ లేదు. పైగా ఆ "రెండు నిమిషాలు" అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొమ్మిదిన్నరకు మూస్తారని బోర్డు మీద ఉంటే, మేము తొమ్మిదిన్నరకు చెప్పులు తొడుక్కుంటామని అందరూ అనుకుంటారు. కొనేవాళ్ళు వెళ్ళాక మా రెండో పని మొదలవుతుంది. సాయంత్రం నుంచి పరిచిన చీరలన్నీ పరుపు మీద గుట్టలుగా పడి ఉంటాయి. పట్టుచీరను పాత మడత మీదే మళ్ళీ మళ్ళీ మడిస్తే జరీ అక్కడ విరుగుతుంది. కాబట్టి మడత మార్చాలి, అయినా అంచూ కొంగూ పైకి కనపడాలి. మంగళగిరి నూలు చీర నలిగితే గంజి పోతుంది, మర్నాడు ఎవరూ ముట్టుకోరు. ఏ ధర చీర ఆ అరలోకే వెళ్ళాలి. ధర చీటీ ఊడిపోయిందేమో చూడాలి. అవతల గల్లాపెట్టె దగ్గర బిల్లులకూ డబ్బుకూ లెక్క కుదరాలి, కుదిరేవరకు ఎవరూ కదలకూడదు. వేళ దాటాక వచ్చిన కుటుంబం ముప్పై చీరలు విప్పిస్తే వాళ్ళకు అది పావుగంట కాలక్షేపం. ఆ ముప్పై తిరిగి అరల్లోకి ఎలా వెళ్తాయో చూడటానికి వాళ్ళు ఉండరు కదా.

ఒక శ్రావణ మాసం సంగతి చెబుతాను. తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం, అంటే గురువారం రాత్రి. ఆషాఢమంతా తగ్గింపు ధరల పేరుతో జనం, ఊపిరి పీల్చుకునేలోగా శ్రావణం, వ్రతాలు, పెళ్ళిళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా నిలబడే తిన్నాం. తొమ్మిదిన్నర దాటాక షట్టర్ సగం దించారు.

ఈ సగం షట్టర్ మా యజమానుల గొప్ప ఆవిష్కరణ. వీధిలో తిరిగే పోలీసుకు మూసేసినట్టు కనిపించాలి, వచ్చే బేరానికి తెరిచినట్టు కనిపించాలి. అడుగు వరకు దించి తాళం వేయడానికి వాళ్ళకు ప్రాణం ఒప్పదు. పూర్తిగా ఎత్తి, "పదకొండు వరకు" అని బోర్డు రాయడానికి ధైర్యం చాలదు. ఆ మూడడుగుల సందు తెరిచి ఉన్నంతసేపు లోపల ఉన్న మా గడియారం నడవదు.

ఆ సందులోంచి వంగుకుంటూ ఒక పెద్దావిడ వచ్చారు. వెనక ఆమె కోడలు, ఇద్దరు కూతుళ్ళు, నిద్రలో జోగుతున్న ఒక పిల్లవాడు. గుడివాడ వైపు నుంచి కారులో వస్తుంటే దారిలో ఆలస్యమైందట. పెళ్ళి బట్టలు కావాలి. మా సీనియర్ అన్నయ్య "కట్టేశామండీ" అనబోయేలోగా యజమాని గల్లా దగ్గరి కుర్చీలోంచి లేచి, "రండమ్మా, రండి! మీ కోసమే తెరిచి ఉంచాం" అన్నారు. మీ కోసమే! నేను చేతిలో చీరల దొంతరతో అలాగే నిలబడిపోయాను.

ధర్మవరం తీశాం, కంచి తీశాం, గద్వాల తీశాం. ఈ రంగే, కానీ అంచు ఇంకాస్త పెద్దది. ఈ అంచే, కానీ వంగపండు రంగు. పెద్ద కూతురికి నచ్చింది చిన్న కూతురికి నచ్చదు, ఇద్దరికీ నచ్చింది ఆవిడకు ఖరీదెక్కువ. వాళ్ళకు చల్లని పానీయాలు వచ్చాయి, పిల్లవాడికి బిస్కెట్లు వచ్చాయి. ఆ ట్రే తెచ్చింది కూడా మాలో ఒక కుర్రాడే.

మధ్యలో ఆ పెద్దావిడ నా మొహం చూసి, "ఇంత రాత్రి ఎలా వెళ్తావమ్మా? మీదే ఊరు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా యజమాని అందుకున్నారు. "వాళ్ళందరూ ఇక్కడివాళ్ళేనమ్మా, పక్క వీధే."

నాది కంకిపాడు. బీసెంట్ రోడ్డు నుంచి బెంజి సర్కిల్‌కు చేరి, అక్కడ బందరు రోడ్డు మీద వెళ్ళే బస్సు పట్టుకుని, పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు దాటితే మా "పక్క వీధి" వస్తుంది. ఆవిడ ఆ మాట నమ్మి, నిశ్చింతగా ఇంకో రెండు పట్టుచీరలు విప్పమన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. అడగాల్సింది అడిగారు, అబద్ధం విన్నారు.

అమ్మకం బ్రహ్మాండంగా జరిగింది. అరవై వేల పైమాటే. కారు దాకా వెళ్ళి సాగనంపి వచ్చిన యజమాని మా అందరినీ కలయజూసి, "చూశారా, పంపేస్తే ఇంత బేరం పోయేది!" అన్నారు. నిజమే, పోయేది. ఆయనకు పోయేది. నా బస్సు మాత్రం అప్పటికే పోయింది. పోరంకి వరకు షేర్ ఆటో, అక్కడి నుంచి మా ఆయన బండి. పొద్దున వ్రతం ముగించుకుని పావుగంట ఆలస్యంగా వెళ్ళేసరికి హాజరు పుస్తకంలో నా పేరు ఎదుట ఎర్ర సిరా గీత. మూడు గీతలైతే సగం రోజు జీతం కోత. రాత్రి రబ్బరులా సాగిన గడియారం పొద్దునయ్యేసరికి ఎంత బిగుసుకుపోయిందో!

అందుకే, చూపించాలా వద్దా అని ఉద్యోగిని అడగడమే తప్పు అంటాను. ఆ సమయం ఎవరిది, దానికి డబ్బు ఎవరిస్తున్నారు అని యజమానిని అడగాలి.

"రూల్ ఏమైనా ఉందా?" అనేవాళ్ళ కోసం. మన ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. ప్రభుత్వం నిర్ణయించిన మూసే వేళకు అప్పటికే కొంటున్నవారికి, కొనడానికి వేచి ఉన్నవారికి ఆపై ఒక్క పావుగంట సరుకు ఇవ్వవచ్చని అందులో ఉంది. అప్పటికే ఉన్నవారికి! తర్వాత వంగుకుంటూ దూరినవారికి కాదు. నిర్ణీత గంటలు దాటి పనిచేయించుకుంటే రెట్టింపు లెక్కన వేతనం ఇవ్వాలని కూడా ఉంది. రెట్టింపు మాట అలా ఉంచండి, ఆ రాత్రి పనికి నేను మామూలు లెక్కన కూడా ఒక్క రూపాయి చూడలేదు. చట్టం రాసినవారిలో ఎవరో ఒకరు చీరల కొట్లో పనిచేసి ఉంటారని, అమలు చేసేవారిలో మాత్రం ఒక్కరూ చేసి ఉండరని నా గట్టి నమ్మకం.

యజమానులకు చట్టం కన్నా ఆ గోడ మీద బోర్డు ముఖ్యం. మీరూ చూసే ఉంటారు, గాంధీ బొమ్మ, కింద "మన దగ్గరకు వచ్చే కొనుగోలుదారే అతి ముఖ్యమైన అతిథి" అన్న అర్థం వచ్చే మాటలు. 1890లో దక్షిణాఫ్రికాలో చేసిన ప్రసంగమని కూడా కొందరు జోడిస్తారు. 1890లో ఆయన లండన్‌లో న్యాయశాస్త్రం చదువుకుంటున్నారు. దక్షిణాఫ్రికాకు వెళ్ళింది 1893లో. మూడేళ్ళ ముందే అక్కడికి వెళ్ళి వస్త్రవ్యాపారులకు హితబోధ చేశారన్నమాట! ఆ బోర్డు ఎప్పుడూ మా వైపు తిరిగి ఉంటుంది తప్ప గల్లా వైపు ఉండదు.

బోణీ సెంటిమెంట్ నాకూ ఉంది. తొలి బేరాన్ని ఉత్త చేతులతో పంపించం, ధర తగ్గించి అయినా ఇస్తాం. ఆఖరి బేరానికి అలాంటి ఆచారం ఏ ఊళ్ళోనూ నేను వినలేదు. అసలు రాత్రి పదికి వచ్చేవాళ్ళలో పదింట తొమ్మిది మంది ఏడింటికి రాగలిగినవాళ్ళే. టీవీ సీరియల్ అయ్యాక బయలుదేరతారు. నా దగ్గర లెక్కల్లేవు, కళ్ళున్నాయి. ఇదే మనుషులు బ్యాంకులో నగదు కౌంటర్ మూసేస్తే చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి మర్నాడు వస్తారు. అక్కడ అద్దం వెనక ఉన్నాయనకు ఇల్లుంటుందని వాళ్ళకు ఎలా తెలుస్తుందో మరి!

మాట వచ్చింది కాబట్టి నిలబడటం గురించి కూడా చెప్పాలి. పట్టుచీరల విభాగంలో పరుపు మీద కూర్చుని చూపించే భాగ్యం సీనియర్లది. మిగిలిన మేము కౌంటర్ల వెనక పొద్దుటి నుంచి నిలబడే. బేరం లేకపోయినా కూర్చోకూడదు, కూర్చుంటే కొట్టు వెలవెలబోతుందట. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళే పోరాడి 2018లో కూర్చునే హక్కును చట్టంలో పెట్టించుకున్నారు. 2021లో తమిళనాడు కూడా తెచ్చింది. మనకు ఇక్కడ కుర్చీ అడిగితే "ఇంట్లో కూర్చోండి" అంటారు. అంతసేపు నిలబడ్డ కాళ్ళకు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వినిపించే "అయిదు నిమిషాలే అమ్మా" ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మందుల దుకాణాన్ని ఎందుకు మినహాయించానని అడుగుతారేమో. జ్వరం వచ్చిన పిల్లకు మందు కావాలంటే వేళ చూడకూడదు, అందులో వాదన లేదు. అయితే మా చుట్టాల అబ్బాయి ఒక ఆసుపత్రి పక్కన మందుల దుకాణంలో చేస్తాడు. అక్కడ రాత్రంతా తెరిచే ఉంటుంది, కానీ తొమ్మిదింటికి రాత్రి మనిషి వస్తాడు, మావాడు టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. పండగ నెలల్లో అయినా అలా ఇంకొకరిని పెట్టమని మా సీనియర్ అన్నయ్య ఒకసారి అడిగాడు. "అమ్మకాలెక్కడున్నాయయ్యా!" అన్నారు యజమాని, నోట్ల కట్టకు రబ్బరు బ్యాండు చుడుతూ.