పక్కిల్లు ఏళ్లుగా ఖాళీ: మున్సిపాలిటీని ఏమని అడగాలి?

తమ పక్కనున్న పెంకుటిల్లు ఆరేళ్లుగా తాళం వేసి ఉంది, మున్సిపాలిటీ స్వాధీనం చేసుకోదా అని ఒకరు అడిగారు. చేసుకోదండీ. సొంత ఇంటిని ఖాళీగా ఉంచుకోవడం మన దగ్గర తప్పేమీ కాదు, అందుకు అదనపు పన్నూ లేదు. ఇంగ్లండులో ఏడాది దాటి ఖాళీగా ఉన్న ఇంటికి 2024 ఏప్రిల్ నుంచి అక్కడి కౌన్సిళ్లు రెట్టింపు పన్ను వేయవచ్చట. ఈ మాట మా బిల్ కలెక్టరుకు చెబితే, "ఉన్న పన్ను కడితే చాలు సార్" అని నవ్వాడు. అతను అన్నదీ నిజమే. బకాయికి నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. కానీ 2020లోనూ 2022లోనూ తెలంగాణ ప్రభుత్వం ఆ వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. మళ్లీ చేయకపోతుందా అని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

మాది వరంగల్‌కు గంటన్నర దూరంలోని చిన్న పట్టణం. మగ్గాలు మూలపడ్డాక మా పక్కింటివాళ్లు కూడా ఇంటికి తాళం వేసి మహారాష్ట్రలోని భివండి వెళ్లిపోయారు. తండ్రి పోయాక ముగ్గురు అన్నదమ్ముల మధ్య పంపకం తెగలేదు. "ఇల్లు పాడుపడింది, చర్య తీసుకోండి" అని నేను ఇచ్చిన మొదటి దరఖాస్తు ఏడాదైనా కదల్లేదు. పాడుపడిందంటే ఎవరు కదులుతారు? ప్రమాదం ఉందని రాయాలి.

అది 2023 జూలైలో తెలిసింది. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన ఆ వానలకే పక్కింటి మట్టిగోడ ఉబ్బి మా సందు వైపు ఒరిగింది. నెర్రెలో చేయి పెడితే మణికట్టు దాకా దూరింది. ఈసారి ఇంటి నంబరు, వార్డు, ఒరిగిన గోడ ఫొటోలు, బడి పిల్లలు అదే సందులో నడుస్తారన్న సంగతి, అన్నీ రాశాను. ఒక ప్రతి కమిషనరు పేరున ఇచ్చి ముద్ర వేయించుకున్నాను, ఇంకొకటి సోమవారం ప్రజావాణిలో ఇచ్చాను. నాలుగో రోజున టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి తలుపుకు నోటీసు అతికించారు, చనిపోయిన తండ్రి పేరు మీద! పన్ను రికార్డులో పేరు మారలేదు మరి. దోమలు, పాముల గోల మీకూ ఉంటే శానిటరీ ఇన్‌స్పెక్టరుకు విడిగా రాయండి, రెండూ ఒకే కాగితంలో కలపకండి.

నోటీసు కంటే ఎక్కువ పని చేసింది ఫోను. వాళ్ల నంబరు బిల్ కలెక్టరు దగ్గరే దొరికింది. నడిమి తమ్ముడు ఎత్తాడు. ఇల్లు కూలిస్తే స్థలంలో తన వాటా పోతుందని అతని భయం. గోడలు పోయినా స్థలం మీద హక్కు పోదని, కావాలంటే వకీలును అడుగు బాబూ అని చెప్పాను. అడిగినట్టున్నాడు, దసరాకు ముగ్గురూ వచ్చారు. జేసీబీకి పూట చాలింది. పెంకులు, దూలాలు అక్కడికక్కడే అమ్మేశారు.

టేకు వాకిలి దగ్గర మాత్రం మళ్లీ గొడవ. ఎవరికి చెందాలో తేలలేదు. టార్పాలిన్ కప్పి మా పెరట్లో పెట్టి వెళ్లారు, ఇప్పటికీ అక్కడే ఉంది.