సింగిల్ కాయిల్స్: ఏ పికప్ ఎలా పలుకుతుంది?

ప్రశ్న: సార్, నా దగ్గర స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్ గిటార్ ఉంది, తక్కువ ధరదే. ఆదివారాలు మా చర్చిలో వాయిస్తాను. అక్కడ ఆంప్ లేదు, వైరు నేరుగా మిక్సర్‌కే పెడతాం. సౌండ్ మరీ మొద్దుగా వస్తోందని పికప్‌లు మార్చాలనుకుంటున్నాను. ఒకరు స్ట్రాట్ సెట్టే వేయించమంటారు, ఇంకొకరు టెలీ (ఫెండర్ టెలీకాస్టర్) అంటారు, మా బేస్ వాయించే అన్న పీ-90 తప్ప ఇంకేదీ వద్దంటాడు. కిలో ఓమ్‌లు ఎక్కువున్నది కొంటే సౌండ్ బాగుంటుందని షాపులో చెప్పారు. వీడియోల్లో వింటే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే ఏదీ కొనొద్దు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మిక్సర్‌కి నేరుగా వైరు పెడుతున్నామన్న మాట. పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి వాటి ఊగడాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, రాగి తీగ కాయిల్; కాయిల్ ఒక్కటే ఉంటే అది సింగిల్ కాయిల్. మామూలు గిటార్ పికప్‌లో బ్యాటరీ ఉండదు, దాని సిగ్నల్ చాలా సున్నితం. అందుకే గిటార్ ఆంప్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 1 మెగా ఓమ్ (1,000 కిలో ఓమ్‌లు) ఉండేలా చేస్తారు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పదుల కిలో ఓమ్‌లలోనే ఉంటుంది. అంత తక్కువ ఇన్‌పుట్‌కి పెడితే పికప్ మీద భారం పడి ముందు ట్రెబుల్ పోతుంది, ఆ తర్వాత స్ట్రాటూ టెలీ పీ-90 అన్నీ దుప్పటి కప్పినట్టు ఒకేలా మొద్దుగా వినిపిస్తాయి. మీ మిక్సర్‌లో గిటార్ కోసం హై-జెడ్ అనే బటన్ ఉందేమో చూడు. లేకపోతే యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) ఒకటి, లేదా ఎవరి దగ్గరైనా మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఉంటే అది మధ్యలో పెట్టి ఒక ఆదివారం వాయించి చూడు. నీ పాత పికప్‌లే ఎంత మారిపోతాయో నీకే వినిపిస్తుంది.

ఇక ఓమ్‌ల సంగతి. మీటర్ పెట్టి కొలిచే ఆ అంకె కాయిల్‌లో చుట్టిన రాగి తీగ నిరోధం, అంతే. తీగ పొడవు పెరిగినా అది పెరుగుతుంది, తీగ సన్నబడినా పెరుగుతుంది. స్ట్రాట్ పికప్‌లకి మామూలుగా 42 గేజ్ తీగ వాడతారు, కొలిస్తే 6 కిలో ఓమ్‌లకి అటూ ఇటూగా వస్తుంది. టెలీ నెక్ పికప్‌కి (గిటార్ మెడ పక్కన ఉండేది) అంతకంటే సన్నని 43 గేజ్ తీగ వాడతారు కాబట్టి అంకె 7 పైన కనిపిస్తుంది. ఆ లెక్కన అది స్ట్రాట్ కంటే గట్టిగా, చురుగ్గా పలకాలి కదా? పలకదు. దాని కాయిల్ చిన్నది, పైన లోహపు మూత ఉంటుంది, అందుకే మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే తీగతో చుట్టిన రెండు పికప్‌లలో ఏది ఎక్కువ చుట్లదో తెలుసుకోవడానికి ఓమ్‌లు పనికొస్తాయి. వేరు వేరు రకాల మధ్య ఆ అంకెతో పోటీ పెట్టి కొనమనడం సరికాదు, షాపులో ఎంత గట్టిగా చెప్పినా సరే.

టోన్‌ని నిజంగా నిర్ణయించేది కాయిల్ ఆకారం, లోపల అయస్కాంతం ఎక్కడుందన్నది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఒక్కో స్ట్రింగ్ కింద ఉండే పోల్ పీసులే అయస్కాంతాలు, ఆల్నికో అనే మిశ్రలోహపు ఆరు కడ్డీలు. కాయిల్ ఎత్తుగా, సన్నగా ఉంటుంది. ఆ సౌండ్‌లో పైన తళుకు, కింద స్పష్టత, మధ్యలో కొంచెం ఖాళీ. ఆ ఖాళీ వల్లే కీబోర్డు, పాడేవాళ్ళ గొంతు ఉన్నచోట స్ట్రాట్ ఎవరికీ అడ్డం రాదు. టెలీ బ్రిడ్జ్ పికప్‌లోనూ (స్ట్రింగ్స్ బాడీకి బిగించే చోట ఉండేది) కడ్డీ అయస్కాంతాలే, కానీ కాయిల్ పెద్దది, అడుగున రాగిపూత వేసిన ఉక్కు పలక ఉంటుంది, పైగా అది కూర్చునేది లోహపు బ్రిడ్జ్ ప్లేట్‌లో. అందుకే టంగుమని కొట్టినట్టు ముందుకు దూసుకొస్తుంది. స్ట్రాట్ బ్రిడ్జ్ కొందరికి పలచగా అనిపిస్తుంది కానీ టెలీ బ్రిడ్జ్‌ని పలచన అన్నవాళ్ళని నేను చూడలేదు.

పీ-90 దారే వేరు. గిబ్సన్ 1946లో తెచ్చిన పికప్ అది. కాయిల్ వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది, చుట్లు సుమారు 10,000. అయస్కాంతాలు రెండు పలకలుగా అడుగున పడుకుని ఉంటాయి, పైకి కనిపించేవి ఉక్కు స్క్రూలు. కాయిల్ మధ్యలో ఉక్కు ఉండటం, చుట్లు ఎక్కువుండటం వల్ల ట్రెబుల్ మెరుపు తగ్గి మధ్యస్థాయి నిండుగా వస్తుంది. గట్టిగా మీటితే గరగరమంటుంది, మెల్లగా మీటితే శుభ్రంగా పాడుతుంది. నా చెవికి సింగిల్ కాయిల్స్ అన్నిటిలోకీ చేతి బరువును ఇంత నిజాయితీగా చెప్పేది ఇదే. మీ అన్న మాటలో న్యాయం ఉంది. చిక్కల్లా స్ట్రాట్ రంధ్రంలో అది పట్టదు, చెక్క తొలవాలి. హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) సైజులో వచ్చే పీ-90లకి కూడా స్ట్రాట్ పిక్‌గార్డ్ (గిటార్ మీది ప్లాస్టిక్ పలక) కోయాలి. ఇంకో విషయం, స్ట్రాట్‌లో ఉండే 250 కిలో ఓమ్‌ల నాబ్‌లతో పీ-90 కాస్త మసకబారుతుంది, దానికి ఎక్కువగా 500 కిలో ఓమ్‌ల నాబ్‌లు వాడతారు. 1958 నాటి జాజ్‌మాస్టర్ పికప్ కూడా వెడల్పుగా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటేనని కొందరు అంటుంటారు. దాని లోపల స్ట్రాట్‌లాగే కడ్డీ అయస్కాంతాలుంటాయి, దాని సౌండ్ పీ-90 కంటే చాలా తేటగా, వెచ్చగా ఉంటుంది. చూపుకి ఒకలా ఉన్నవి చెవికి ఒకలా ఉండాలని లేదు.

నీ గిటార్‌లో ఇప్పుడు బహుశా సెరామిక్ పికప్‌లు ఉంటాయి. పిక్‌గార్డ్ విప్పి పికప్ తిరగేసి చూడు: అడుగున నల్లటి అయస్కాంతపు బద్ద అంటించి ఉంటే సెరామిక్, పైన కనిపించేవి ఉత్త ఇనప ముక్కలు. వీటి సౌండ్ కొంచెం గట్టిగా, పైన కరుకుగా ఉంటుంది. మార్చే ముందు ఎత్తు సరిచెయ్యి, దానికి పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి పోల్ పీస్ నుంచి స్ట్రింగ్ అడుగుదాకా కొలిస్తే, పాతకాలపు స్ట్రాట్ పికప్‌లకి ఫెండర్ చెప్పే కొలత లావు స్ట్రింగ్ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లు. నువ్వు అక్కడ మొదలుపెట్టి అర మిల్లీమీటర్ చొప్పున దించుతూ విను. ఆ తర్వాత కూడా మార్చాలనిపిస్తే ఆల్నికో 5 స్ట్రాట్ సెట్ వేయించుకో, మీ బ్యాండ్‌కి నా ఓటు దానికే.

వీడియోల గురించి ఒక్క మాట. ఫోన్‌లో రికార్డు చేసి, ఫోన్ స్పీకర్‌లో వింటే మిగిలే తేడా చాలా తక్కువ. నువ్వే పోల్చాలంటే స్ట్రింగ్స్, వైరు, ఆంప్ సెట్టింగ్, వాయించే ముక్క అన్నీ ఒకటే ఉంచి, ముఖ్యంగా వాల్యూమ్ సమానం చేసి విను. కొంచెం గట్టిగా ఉన్నది ఎవరికైనా మెరుగ్గానే అనిపిస్తుంది. వైరు పొడవు కూడా చూసుకో, పది మీటర్ల వైరు మూడు మీటర్ల వైరు కంటే ట్రెబుల్ ఎక్కువ తినేస్తుంది.

ప్రశ్న: నా స్ట్రాట్‌లో ఎప్పుడూ హుమ్మని శబ్దం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వస్తే ఇంకా ఘోరం. రాగి టేపు అంటిస్తే పోతుందా? స్ట్రింగ్స్ ముట్టుకుంటే కొంచెం తగ్గుతోంది.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొంత పోతుందమ్మా, మొత్తం పోదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యాన్ మోటార్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ నేరుగా పట్టుకుంటుంది, దాన్ని రాగి టేపు ఆపలేదు. టేపు ఆపేది ఆ పైన వినిపించే గరగర, బజ్ శబ్దం. స్ట్రింగ్స్ ముట్టుకుంటే తగ్గుతోందంటే అది బజ్ అన్నమాట, మీ గిటార్‌లో స్ట్రింగ్ గ్రౌండ్ సరిగ్గానే ఉంది. చౌక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఈ బజ్‌ని బాగా పెంచుతాయి, ఆ సమయంలో ఆంప్ బదులు హెడ్‌ఫోన్ ప్రాక్టీస్ పెట్టుకోవడం మేలు.

పికప్‌లు ఎంచుకునే స్విచ్‌ని 2, 4 స్థానాల్లో పెట్టి చూడండి. ఈ రోజుల్లో చాలా సెట్లలో మధ్య పికప్‌ని తిరగేసి చుడతారు, అందుకని రెండు పికప్‌లు కలిసినప్పుడు హమ్ రద్దవుతుంది. మీ గిటార్‌లోనూ ఆ రెండు చోట్ల శబ్దం పడిపోతే పికప్‌లో లోపం లేనట్టే. ఆ స్థానాల సౌండ్ కూడా ఎంతో అందమైనది, పూర్వం మూడు స్థానాల స్విచ్‌ని మధ్యలో ఇరికించి మరీ వాయించేవాళ్ళు, ఫెండర్ 1977లో ఐదు స్థానాల స్విచ్ పెట్టింది. కూర్చునే దిక్కు మార్చి చూసినా తేడా తెలుస్తుంది.

స్ట్రింగ్స్ ముట్టుకున్నప్పుడు చిన్న జిల్లుమనే షాక్ తగులుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంటి వైరింగ్‌లో ఎర్త్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేసినా ఇలా జరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసేదాకా ఆ ఆంప్ వాడొద్దు.

ప్రశ్న: గిటార్ మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తున్నాను. గమకం కోసం స్ట్రింగ్‌ని పక్కకి లాగితే నాదం సన్నబడుతోంది, నెక్ పికప్‌లో పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి వణుకుతోంది. సింగిల్ కాయిలే వద్దా?
— ఒక విద్యార్థి, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఎందుకు వద్దు? గమకంలోని ప్రతి కదలికా విడిగా వినిపించాలంటే సింగిల్ కాయిల్‌కి మించింది లేదు. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అదే పని చేసి చూపించారు, తీగ వాయిద్యానికి కరెంటు కలిపితే గమకం చెడదని ఇంకెవరూ రుజువు చేయనక్కర్లేదు.

శ్రుతి వణకడం అయస్కాంతం లాగుతున్నందువల్ల. కడ్డీ అయస్కాంతాలు స్ట్రింగ్‌కి మరీ దగ్గరగా ఉంటే దాని ఊగడాన్ని పట్టి లాగుతాయి, నెక్ దగ్గర స్ట్రింగ్ ఎక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడే ముందు తెలుస్తుంది. నెక్ పికప్‌ని లావు స్ట్రింగ్స్ వైపు బాగా దించండి, తగ్గిన వాల్యూమ్‌ని ఆంప్‌లో పెంచుకోండి. లాగినప్పుడు నాదం సన్నబడటం స్ట్రింగ్ ఒక పోల్ పీస్ మీద నుంచి జరిగి రెండిటి మధ్యకి వెళ్ళడం వల్ల. పికప్ కొంచెం దూరంగా ఉంటే ఇదీ తగ్గుతుంది. పోల్ పీసులే లేని లిప్‌స్టిక్ పికప్‌లో ఈ బాధ ఉండదు, దాని లోపల నిడుపాటి ఒకే బద్ద అయస్కాంతం ఉంటుంది. 1967లో వచ్చిన కోరల్ ఎలక్ట్రిక్ సితార్‌లో పెట్టింది ఈ పికప్‌లనే. ఔట్‌పుట్ తక్కువ, సౌండ్ తేటగా, గాజు మీద పలికినట్టు ఉంటుంది. స్ట్రాట్ సైజులో కూడా దొరుకుతాయి. కానీ ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని ఉన్నదాన్ని దించి ఒక వారం సాధన చెయ్యండి, మూడో స్ట్రింగ్ మాత్రం మిగతావాటికంటే గట్టిగా మోగుతుంటే కంగారు పడకండి. పోల్ పీసులు ఎత్తుపల్లాలుగా ఉండే పాత డిజైన్‌లో ఆ స్ట్రింగ్‌కి తీగ చుట్టినది వాడతారనుకుని ఎత్తు పెట్టారు, మీరు వాడుతున్నది చుట్టనిది.