గుంపుగా డప్పులు వాయించేటప్పుడు లయ పరుగెత్తకుండా

ఒడిశాలోని పర్లాకిమిడిలో ముప్పై మందిని కూర్చోబెట్టి డప్పులు వాయిస్తుంటే, ఐదు నిమిషాలకే వేగం పెంచి చెదిరిపోతున్నారని, ఏం చేయాలని మీరు అడిగారు. దీనికి కారణం వారికి సంగీతం రాకపోవడం కాదు, అందరికీ వినిపించే ఆధారపు దెబ్బ ఒకటి లేకపోవడం. అన్ని డప్పులూ ఒక్కసారి మోగితే తన చేతి చప్పుడు తనకే వినిపించదు. అందుకే ప్రతివారూ మరింత గట్టిగా కొడతారు, అలా కొట్టే చేయి తెలియకుండానే తొందరపడుతుంది.

1. బరువైన డోలును నిలకడ గల ఒక్కరికే ఇచ్చి, నెమ్మదైన నడక వేగంతో, అలంకారాలేవీ లేకుండా కొట్టించండి.

2. మిగిలినవారు వాయిద్యం ముట్టకుండా, ఆ దెబ్బకు ముందు అడుగులు వేయాలి, తరువాత చప్పట్లు కొట్టాలి, ఆపై "తక ధిమి" అని నోటితో పలకాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. లయ ఒంట్లోకి దిగకముందే పుల్లలు చేతికిస్తే ఆ తరువాత ఎంత సరిదిద్దినా నిలవదు. మీ బృందంలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవారు కలిసి ఉన్నారన్నారు. "తక ధిమి" లాంటి ఈ జతులకు, అంటే లయ పలుకులకు, అనువాదం అక్కరలేదు గనుక ఎవరూ వెనకబడరు. దీనికి కనీసం ఐదు నిమిషాలు కేటాయించండి.

3. వేగం పెరిగితే అరవకండి, అరచేతిని కిందికి దించి శబ్దం తగ్గించమని సైగ చేయండి. డోలు మళ్లీ వినిపించగానే చేతులు దాని వెంటే వస్తాయి.

వానాకాలంలో డప్పులను మంట దగ్గర కాచి బిగించుకోండి. వదులైన చర్మాల మోత డోలు దెబ్బను మింగేస్తుంది.