ఆపరేషన్‌కు ముందు సైకాలజిస్టు రిపోర్టు ఎందుకు అడుగుతారు?

“అక్కా, మాది హన్మకొండ. ఈ మధ్యనే డాలస్‌కు వచ్చాం. బరువు తగ్గే ఆపరేషన్ చేస్తామన్నారు గానీ ముందు సైకాలజిస్టును కలిసి రిపోర్టు తెమ్మన్నారు. ‘నీకేమన్నా పిచ్చా, అక్కడికెందుకు’ అని అత్తమ్మ ఫోన్‌లో ఒకటే లొల్లి. ఇది రేపు గ్రీన్‌కార్డుకు అడ్డం పడుతుందా? నాకు ఇంగ్లిష్ అంతగా రాదు. మా ఆయన లోపలికి వచ్చి నా మాటలు ఇంగ్లిష్‌లో చెప్తానంటున్నాడు. సరే అననా?”

చెల్లె, ముందు అత్తమ్మ సంగతి. నిన్ను అనుమానించి పంపలేదని చెప్పు. ఇక్కడ బరువు ఆపరేషన్‌కు వచ్చేవాళ్లను దాదాపు అందరినీ పంపుతారు. చాలా ఇన్సూరెన్సులు ఆ రిపోర్టు లేనిదే ఆపరేషన్‌కు ఒప్పుకోవు. నడుం నొప్పికి వెన్నులో స్టిమ్యులేటర్ (సన్నని కరెంటుతో నొప్పిని తగ్గించే చిన్న పరికరం) పెట్టాలన్నా, అవయవ మార్పిడి అన్నా ఇదే పద్ధతి. తమ్ముడికి కిడ్నీ ఇస్తానన్న అన్నను కూడా విడిగా కూర్చోబెట్టి, ఇంట్లో బలవంతం ఏమన్నా ఉందా అని అడుగుతారు.

మాట్లాడటం ఒక గంట, రెండు గంటలు ఉంటుంది. దాంతోపాటు ప్రశ్నల కాగితాలు ఇస్తారు. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అయితే తొమ్మిదే ప్రశ్నలు, గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, దిగులు ఎట్లా ఉన్నాయని. మనిషి స్వభావాన్ని, మనసు తీరును చూసే ఎంఎంపీఐ-2-ఆర్‌ఎఫ్ అనే పెద్ద పరీక్ష ఇస్తే మాత్రం ఓపిక కావాలి. అందులో 338 వాక్యాలు, ఒక్కోదానికి అవును, కాదు అని పెట్టాలి. మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు అన్నీ మంచివే చెబుతారు. నాకు కోపం రాదు, ఎవరి మీదా అసూయ లేదు, ఇంట్లో గొడవే లేదు అని. ఎవరన్నా తనను తాను మరీ మంచిగా చూపించుకుంటున్నారా అని పట్టుకునే కొలతలు ఆ పరీక్షలోనే ఉన్నాయి. అప్పుడు జవాబులు నమ్మేలా లేవని రిపోర్టులో రాస్తారు. నిజంగా నష్టం చేసేది అదే. మనసు బాగాలేకపోతే రాత్రిపూట వంటింట్లోకి పోయి తింటానంటే ఆ మాటే చెప్పు. ఆపరేషన్ అయ్యాక ఆ తిండి తినలేవు, ఆ దిగులు మాత్రం ఎక్కడికీ పోదు. దానికి ముందే ఒక దారి చూడటానికే నిన్ను అక్కడికి పంపుతున్నారు. నేను ఈ పరీక్షను గట్టిగా సమర్థిస్తాను.

మన దిక్కు సంగతులు కొన్ని అక్కడివాళ్లకు తెలియవు. శనివారం ఒక్కపొద్దు ఉంటావనుకో, “ఆ రోజు తినను” అని వదిలేస్తే తిండి జబ్బు అనుకోవచ్చు. దేవుడి కోసమని, సాయంత్రం ఏం తింటావో కూడా చెప్పు. మేడారం జాతరలోనో కొమురవెల్లిలోనో ఒంటి మీదికి దేవుడు వచ్చి ఉంటే అది ఎప్పుడు, ఎక్కడ, చుట్టూ ఎవరున్నారు అన్నది వివరంగా చెప్పు. ఒట్టి “అవును” అంటే దాని అర్థం వేరే అయిపోతుంది. మందు తాగుతావా అంటే లేదనే చెబుతావు, మరి దసరాకు ఊరికి పోయినప్పుడు కల్లు? అదీ ఆల్కహాలే, లెక్కలోకి వస్తుంది. బరువు తగ్గడానికి పొట్టకు చేసే బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లకు తాగింది రక్తంలోకి తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. అంతకుముందు లేని తాగుడు సమస్య కొందరిలో ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. అందుకే అంత గుచ్చి అడుగుతారు.

మీ ఆయనను బయటే కూర్చోమను. మంచివాడే కావచ్చు, కానీ లోపల అడిగేవి ఎప్పుడన్నా చచ్చిపోవాలనిపించిందా, ఇంట్లో ఎవరన్నా చేయి చేసుకుంటారా లాంటివి. అవి మొగుడి నోటి మీదుగా పోవద్దు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు మన భాష తెలిసిన మనిషిని ఉచితంగా ఏర్పాటు చేయాలని ఇక్కడ చట్టం ఉంది. ఎక్కువగా ఫోన్‌లోనో వీడియోలోనో ఉంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు కావాలని చెప్పు.

గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో మనసు సంగతికి వస్తే చూసేది, మానసిక జబ్బుతో తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. సైకాలజిస్టును కలిసినంత మాత్రాన, దిగులుకు మందు వాడినంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆగదు. రిపోర్టు సర్జన్‌కు, ఇన్సూరెన్సుకు పోతుంది. నీ సంతకం లేకుండా డాక్టరు దాన్ని మీ ఆయన కంపెనీకి పంపకూడదు, రోగి వివరాలు బయటికి పోకుండా కాపాడే 1996 నాటి హిపా చట్టం ఉంది.

ఒకవేళ “కొన్నాళ్లు కౌన్సెలింగ్‌కు వచ్చి, తర్వాత ఆపరేషన్” అంటే ఏడవకు, ఫెయిల్ చేసినట్టు కాదు. కొందరికి అట్లాగే చెప్పి తర్వాత ఒప్పుకుంటారు.

పోయే ముందు ఇన్సూరెన్స్ కార్డు వెనక చూడు, మానసిక వైద్యానికి వేరే ఫోన్ నంబర్ ఉండొచ్చు. ఆ సైకాలజిస్టు నెట్‌వర్క్‌లో (మీ ఇన్సూరెన్సు ఒప్పుకున్న డాక్టర్ల జాబితాలో) ఉన్నారా, రిపోర్టు ఎన్ని నెలలు చెల్లుతుంది అని అడుగు. ఊరి నుంచి తెచ్చుకున్న నిద్రగోలీలు, బీపీ గోలీలు ఏమున్నా పట్టీలతో సహా తీసుకుపో. ఆపరేషన్ తర్వాత కొన్ని గోలీలు ఒంటికి పట్టే తీరు మారుతుంది కాబట్టి డోసు ముందే చూసుకుంటారు. భయపడి నీ అంతట నువ్వు ఏ గోలీ మానేయకు.